పెరటి ప్రశ్నలు: పీకితే పోని తుంగ

కాలువలకి నీళ్లు వదిలారు, నాలుగు వానలు పడ్డాయి, ఇక ఉత్తరాలు మొదలయ్యాయి. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే మొక్క గురించి. కొందరు పేరు తెలీక 'సన్న గడ్డి' అన్నారు, ఒకాయన 'దెయ్యం గడ్డి' అన్నారు, చాలామంది ఫోటోలు పంపారు. ఒకావిడైతే వేళ్లతో సహా కవర్లో పెట్టి పోస్టు చేశారు, అది నా చేతికొచ్చేసరికి కవర్లోనే మొలకెత్తి ఉంది! దాన్ని చూశాక వంగలో కాయతొలుచు పురుగు, నిమ్మలో గజ్జి లాంటివన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి తుంగ గురించే రాద్దామనుకున్నాను.

ప్రశ్న (రాజోలు దగ్గర నుంచి ఓ పాఠకురాలు): కిందటేడు ఇల్లు కట్టుకున్నాం. స్థలం పల్లం కావడంతో ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేశాం. ముందు వైపు రెండు సెంట్లలో నర్సరీ నుంచి గడ్డి పలకలు తెచ్చి లాన్ వేయించాం. రెండు నెలలు చూడముచ్చటగా ఉంది. ఇప్పుడు గడ్డి కోసిన మూడో రోజుకే మధ్యమధ్యలోంచి నిగనిగలాడే ఆకులు రెండు వేళ్ల ఎత్తు పైకి లేస్తున్నాయి. పనమ్మాయి రోజూ పీకుతోంది, రోజూ వస్తూనే ఉంది. పక్కింటి బాబాయిగారు గరిక అంటున్నారు. తోటమాలి 'అదీ గడ్డేనండి, కోసుకుంటా పోతే కలిసిపోద్ది' అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? అది పూర్తిగా పోవాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండమ్మా. అది గరిక కాదు, అసలు గడ్డి జాతే కాదు. తుంగ. మీ ఫోటో చూస్తేనే తెలుస్తోంది గానీ ఫోటో చూసి వైద్యం చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కాబట్టి మీరే ఒకసారి చేత్తో చూసుకోండి. పువ్వు కాడ ఒకటి తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గరిక కాడ గుండ్రంగా జారిపోతుంది, మధ్యలో కణుపులు తగులుతాయి. తుంగ కాడ దొర్లదు, మూడు అంచులు వేలికి తెలుస్తాయి, కణుపు ఒక్కటి కూడా ఉండదు. ఆకులు కూడా అంతే, గరికకి రెండు వైపులా వస్తే తుంగకి మూడు వైపులా వస్తాయి. పైనుంచి చూస్తే మూడు చేతులు చాపినట్టు ఉంటుంది. ముదిరాక పైన గొడుగు పుల్లల్లా విచ్చుకుని కాఫీపొడి రంగు కంకులు వేస్తుంది.

ఇంకా అనుమానం ఉంటే నేల తడిగా ఉన్నప్పుడు బొరిగె దింపి జానెడు లోతు మట్టితో సహా ఒక మొక్కని లేపండి. మట్టి నెమ్మదిగా దులిపితే నల్లటి దారానికి గుచ్చిన పూసల్లా గడ్డలు కనిపిస్తాయి, ఒకదాని వెనక ఒకటి. ఒక గడ్డని గోటితో గిల్లి వాసన చూడండి. పచారీ కొట్లో తుంగముస్తల పొట్లం విప్పినప్పుడు వచ్చే వాసనే అది. ఇక పంచాయతీ తేలిపోయినట్టే.

వ్యవసాయం తెలిసినవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి కారణం ఉంది. మన వరిచేలల్లో ఎక్కువగా కనిపించే తుంగలు గింజ నుంచి మొలిచి, ఆ పంటతోపాటే చచ్చేవి, వాటికి గడ్డలుండవు. ఊడ్చాక నీళ్లు నిలబెట్టి, ఒకటి రెండు సార్లు కలుపు తీయిస్తే లొంగుతాయి. మీ లాన్‌లో ఉన్నది గట్ల మీదా మెట్ట మీదా పెరిగే గడ్డ తుంగ. 1977లోనే లెరాయ్ హోమ్ అనే అమెరికన్ కలుపు శాస్త్రవేత్త, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కలన్నిటినీ లెక్కేసి దీన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. కాబట్టి మీ పనమ్మాయి చేతగానితనం ఏమీ లేదు, ఆ పిల్లని కసరకండి.

మరి రోజూ పీకినా ఎందుకొస్తోంది? అసలు కథ భూమిలో ఉంది. ఆ గడ్డల దండలో పైకి మొలిచిన గడ్డ ఒకటి ఉంటుంది, దాని వెనక గడ్డలు చాలావరకు నిద్రలో ఉంటాయి. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన ఉన్నన్నాళ్లూ తమ్ముళ్లు నోరెత్తరు, ఆయన పోగానే ఎవరి కుంపటి వాళ్లు పెట్టుకుంటారు చూడండి, సరిగ్గా అదే. పైన ఆకు పట్టుకుని లాగితే కాడ మొదట్లో తెగుతుంది, దండ అలాగే ఉంటుంది. గునపంతో కుమ్మితే దండ ముక్కలవుతుంది, ఏ ముక్కకి ఆ ముక్క పెద్దాయనైపోతుంది. అనుకూలంగా ఉంటే ఒక్క గడ్డ మూడు నెలల్లో వందకి దగ్గరగా గడ్డలు పెట్టగలదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల కిందట మా పెరట్లో ఓ మూల తుంగ కనబడితే, నేను తెలివిగా ట్రాక్టరు పిలిపించి ఐదు సెంట్లూ రొటావేటర్ వేయించాను. ఏప్రిల్ నెల, నేల పొడిపొడిగా పిండిలా అయింది, తుంగ పీడ వదిలిందని చెప్పి సాయంత్రం కుర్చీ వేసుకుని మరీ చూశాను. జూన్‌లో రెండు వానలు పడ్డాక ఆ మూలనున్న తుంగ ఐదు సెంట్లలోనూ నారుమడిలా లేచింది. వియ్యంకుడుగారు వచ్చి 'ఏ రకం వరండీ ఇది, బావుంది' అన్నారు.

మీకు తుంగ ఎక్కడినుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. మెరక వేసిన మట్టి. మన కోనసీమలో ఇల్లంటే ముందు మెరక, మెరకంటే ఎక్కడో చేను పైమట్టో, చెరువు గట్టు మట్టో, లంక ఒండ్రో. తుంగ గడ్డల్లో ఎక్కువ భాగం నేలలో పైన అర అడుగులోనే ఉంటాయి, మనం తోలించుకునేదీ ఆ పైమట్టే. గింజ నుంచి మొలిచేది బాగా తక్కువ, ఊరంతా తిరిగేది గడ్డే. మట్టిలోనే కాదు, గడ్డి పలకల అడుగునా, నర్సరీ కవర్లలోని ఎర్రమట్టిలోనూ, సగం చివికిన పెంట ఎరువులోనూ వస్తుంది. ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మట్టి తోలించగానే గడ్డి వేసేయకండి. చదును చేసి, తడిపి, మూడు నాలుగు వారాలు వదిలేయండి. తుంగ ఉంటే అదే లేచి పేరు చెబుతుంది. లేచినదాన్ని గడ్డతో సహా తీయించి, మళ్లీ తడిపి మళ్లీ చూసి, అప్పుడు పలకలు తెచ్చుకోండి. మొదట్లో ఆగిన రెండు నెలలు తర్వాత రెండేళ్ల చాకిరీ తప్పిస్తాయి.

మీ లాన్ ఎటూ వేసేశారు కాబట్టి మీకు వేరే దారి. రోజూ పీకించడం మానేయండి. ఆకులు లెక్కపెట్టడం నేర్చుకోండి. తుంగ మొలిచిన కొత్తలో గడ్డలో దాచుకున్నది అప్పుగా తింటూ పెరుగుతుంది, ఐదారు ఆకులు వచ్చాక తన తిండి తాను వండుకుని ఆ అప్పు తీర్చి, పైపెచ్చు కొత్త గడ్డల్లో దాచడం మొదలెడుతుంది. అంటే నాలుగు ఆకులున్నప్పుడు తీసేస్తే గడ్డకి నష్టం, ఏడు ఆకులయ్యాక తీస్తే మీకు నష్టం. మన వానాకాలంలో ఆ గడువు రెండు వారాలు, మహా అయితే మూడు. కాబట్టి రెండు వారాలకొకసారి, వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు, పనమ్మాయిని పెట్టుకుని లాన్‌ని తాడు కట్టి మూడు చాళ్లుగా విడదీసి ఒక్క మొక్క మిగలకుండా తీయించండి. చేత్తో లాగడం కాదు, సన్నటి బొరిగె నిలువుగా దింపి కింద గడ్డతో లేపాలి. ఒక్కసారి మానేసి పెళ్లికో పుష్కరాలకో వెళ్లారంటే మళ్లీ మొదటికొస్తుంది, అది నిజం. గడ్డలు నేలలో రెండు మూడేళ్లు బతికుంటాయి, కాబట్టి ఈ వానాకాలంతో అయిపోతుందని ఆశ పెట్టుకోకండి. ఈ ఏడు సగం తగ్గుతుంది, వచ్చే ఏడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మిగులుతుంది. 'పూర్తిగా' అన్న మాట మాత్రం నేను ఇవ్వలేను.

తీసినదాన్ని ఎరువు గోతిలో వెయ్యకండి, చచ్చిపోదు, తర్వాత ఆ ఎరువుతోపాటు మొక్కమొక్కకీ చేరుతుంది. డాబా మీద సిమెంటు నేల మీద పరిచి ఎండలో వదిలేయండి. గడ్డకి నీళ్లలో నానడం పెద్ద లెక్కలోది కాదు గానీ ఎండిపోవడం మాత్రం పడదు. గలగలమనేదాకా ఎండితేనే పారెయ్యండి.

కోతమిషన్ సంగతి కూడా చెప్పాలి. చాలామంది లాన్‌ని తిరపతి గుండులా నున్నగా కొట్టిస్తారు, చూడ్డానికి బావుంటుందని. అలా కొట్టినకొద్దీ లాన్ గడ్డి నీరసపడి నేల మీద ఎండ పడుతుంది, ఎండే తుంగకి ప్రాణం. కొబ్బరి దట్టంగా ఉన్న తోటలో నేల చూడండి, తుంగ సన్నగా పీలగా ఉంటుంది, అదే గట్టు మీద ఎండలో అయితే మోకాలెత్తు. కోత కాస్త పైకి పెట్టించండి, గడ్డిని ఒత్తుగా రానివ్వండి. రోజూ సాయంత్రం పైపుతో చిలకరించే అలవాటుంటే అది కూడా మానండి, నాలుగైదు రోజులకొకసారి నేల లోపలికి దిగేలా పెట్టండి. ఎప్పుడూ చెమ్మగా ఉండే నేల తుంగకి అత్తారిల్లు లాంటిది, మర్యాదలన్నీ జరుగుతాయి.

మందు అడుగుతారని తెలుసు. ఉంది. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, గుళికల పొడిలా ఉంటుంది, షాపుల్లో 'సెంప్రా' అంటే ఇస్తారు. మన దగ్గర ఇది ప్రధానంగా చెరకు రైతుల మందు. తుంగలోకి ఆకు ద్వారా దిగి గడ్డ దాకా పోయేవి తక్కువ, అందులో ఇదొకటి. వేరే దేశాల్లో లాన్‌లకి కూడా వాడతారు, చాలా లాన్ గడ్డి రకాలు తట్టుకుంటాయి. అయినా మీ నర్సరీవాళ్లు మెక్సికన్ అన్నారా, కొరియన్ అన్నారా, అసలు ఆ పేరుకీ ఆ గడ్డికీ సంబంధం ఉందా అన్నది వేరే సంగతి, కాబట్టి ముందు ఓ మూల చాపంత జాగాలో కొట్టి మూడు వారాలు ఆగి చూశాకే మిగతాది.

మోతాదు దగ్గరే అందరూ చెడిపోతారు. చెరకులో ఎకరానికి 36 గ్రాములు. ఎకరానికి వంద సెంట్లు కదా, అంటే సెంటుకి 0.36 గ్రాము, మీ రెండు సెంట్లకీ కలిపి ముప్పావు గ్రాము కూడా కాదు! చెంచాతో వేస్తే పది సెంట్ల మందు పడుతుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా ఉన్నవాళ్ల దగ్గర (నేనైతే బంగారం పనిచేసే ఆయన దగ్గర తూపించాను, ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది, కింద కాగితం వేసే తూచాంలెండి) సెంటుకి విడివిడిగా పొట్లాలు కట్టించుకోండి. ఒక పొట్లం లీటరున్నర నీళ్లలో కలిపి, జిగురు మందు నాలుగు చుక్కలు వేసి, తుంగ ఉన్నచోటే ఆకులు తడిసేలా కొట్టండి. తుంగకి నాలుగైదు ఆకులుండాలి. ముందు రెండు రోజులూ తర్వాత రెండు రోజులూ కోత వద్దు. కొట్టాక నాలుగు గంటలైనా వాన పడకూడదు, కాబట్టి జూలైలో మబ్బు చూసుకుని ఉదయం పూట. గాలి ఉంటే ఆ రోజుకి మానుకోండి, పక్కన కూరపాదులూ పూలమొక్కలూ ఉంటే అట్ట అడ్డం పెట్టుకోండి, చేపల చెరువు గట్టు మీదైతే అసలు వద్దు. ఆ కోసిన గడ్డి గేదెకి వెయ్యకండి. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ.

తర్వాత ఓపిక. మర్నాటికి మాడిపోదు. వారానికి ఎదుగుదల ఆగుతుంది, రెండు మూడు వారాలకి పసుపు తిరిగి ఎర్రబడి పడిపోతుంది. చాలామంది పదో రోజున 'పని చెయ్యలేదు' అని మళ్లీ రెట్టింపు కొడతారు, అప్పుడు పోయేది లాన్. నిద్రలో ఉన్న గడ్డలకి మందు చేరదు, అవి తర్వాత లేస్తాయి. వాటికోసం రెండు నెలలకి ఇంకోసారి కావాల్సి రావచ్చు. ఈలోపు బొరిగె పని మామూలే. కొట్టేముందు ఒకసారి మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది కదా, గడ్డతో సహా మొక్కని పట్టుకెళ్లి చూపించినా తప్పులేదు, మీకు దగ్గరే.

ప్రశ్న (భీమవరం నుంచి): మా ఇంటి ముందు దారి అంచులో తుంగ విపరీతంగా ఉంది. రాళ్ల ఉప్పు చల్లితే పోతుందని ఒకరు, వెనిగర్ కొట్టమని ఒకరు అన్నారు. మందుల షాపాయన ఏదో ఇచ్చి కొట్టమంటే కొట్టాను, మూడు రోజుల్లో మాడి మసైంది, ఇరవై రోజుల్లో మళ్లీ పచ్చగా వచ్చింది. షాపాయన మోసం చేశాడంటారా?

జవాబు: మోసం కాకపోవచ్చండి, పైన మాడ్చే మందు ఇచ్చి ఉంటారు. ఆకు మాడటం వేరు, గడ్డ చావడం వేరు. వెనిగర్ కూడా అంతే, ఆకు అంచు కాలుతుంది, కింద దండ చెక్కుచెదరదు.

ఉప్పు మాత్రం చచ్చినా వద్దు. ఉప్పు పోసిన నేలలో ముందు చచ్చేది మీ మందారం, నందివర్ధనం. తుంగ చివరికి మిగులుతుంది. మీ వైపు చెరువుల పుణ్యమా అని నేలకి ఉప్పు కొత్తగా పోయాల్సిన అవసరం ఎక్కడుంది?

మీరు కొట్టింది పారాక్వాట్ అయి ఉంటే ఆ సీసా ఇంట్లో ఉంచకండి. పొరపాటున గుక్కెడు లోపలికి పోయినా దానికి విరుగుడు మందు లేదు, తుంగ కోసం ఇంట్లో పెట్టుకోవాల్సిన వస్తువు కాదు. వరికి కొట్టే టూ ఫోర్ డి కూడా కొందరు తెచ్చి లాన్‌లో కొడుతున్నారు. అది వెడల్పాకు కలుపు మందు, గడ్డ తుంగ దానికి నాలుగు రోజులు తలొంచుకుని మళ్లీ లేస్తుంది, గాలికి కొట్టుకుపోయి పక్కింటి బెండ, టమాటా ఆకులు ముడుచుకుపోతే మాట్లాడుకోవడాలు మానేస్తారు. గ్లైఫోసేట్ గడ్డ దాకా కొంత దిగుతుంది గానీ లాన్‌నీ తుంగనీ కలిపి చంపేస్తుంది, పైగా 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప వేరేవాళ్లు కొట్టకూడదు. షాపాయన ఇచ్చాడు కదా అని మీరు కొట్టేస్తే కుదరదు.

మీది దారి అంచు కాబట్టి లాన్ బాధ లేదు. రెండు వారాలకొకసారి దోకుడుపారతో నేల మట్టానికి చెక్కించండి చాలు. చెక్కినప్పుడల్లా గడ్డ అప్పుల్లో పడుతుంది. ఒక ఏడాది నియమంగా చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న (తణుకు నుంచి): లాన్ పీకేసి నల్ల ప్లాస్టిక్ పరిచి పైన గులకరాళ్లు పోయించాను, బోలెడు ఖర్చయింది. నెలన్నరలో తుంగ ప్లాస్టిక్‌ని పొడుచుకుని రాళ్ల మధ్యలోంచి వచ్చేసింది! ఇది నిజంగా సాధ్యమేనా లేక పనివాళ్లు చిరిగిన షీటు వేశారా?

జవాబు: సాధ్యమేనండి, పనివాళ్లని అనకండి. తుంగ మొలక కొన సూదిలా ఉంటుంది, పలచటి షీటు దానికి ఒక లెక్కా? చీకటిలో ఉన్నంతసేపూ ఆ మొలక ఆకులు విప్పదు, బిగించిన కొనతోనే పైకి పొడుస్తుంది. నల్ల షీటు కింద చీకటి కాబట్టి పొడుచుకుని బయటికి వచ్చాకే విప్పుతుంది. అదే తెల్లటి, అంటే అవతలికి కనిపించే పాలిథిన్ కింద అయితే నేల దాటగానే వెలుతురు తగులుతుంది, బయటపడ్డాననుకుని షీటు కిందే ఆకు విప్పేస్తుంది. విప్పిన ఆకుతో పొడవలేదు, ఆ వేడిలో అక్కడే ఉడికిపోతుంది. తుంగని మోసం చేయగలిగిన ఒకే ఒక చోటు ఇది, నాకు ఇది తెలిసిన రోజున చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

కాబట్టి రాళ్లు ఓ పక్కకి తీయించగలిగితే వచ్చే వేసవి దాకా ఆగండి. మన డెల్టాలో దీనికి సరైన సమయం కాలువలు కట్టేసిన తర్వాత, ఏప్రిల్ సగం నుంచి మే ఆఖరు దాకా. ఎండ పూర్తిగా పడే జాగా అయి ఉండాలి, చెట్టు నీడలో చేసి ఉపయోగం లేదు. నేల చదును చేసి బాగా తడపండి, పొడి నేలకి వేడి దిగదు, నిద్రపోతున్న గడ్డా లేవదు. పలచటి తెల్ల పాలిథిన్ నేలకి అంటుకునేలా పరిచి, నాలుగు అంచులూ చిన్న గాడి తీసి మట్టితో కప్పేయండి, గాలి బయటికి పోకూడదు. ఐదారు వారాలు అలాగే. కోళ్లు ఎక్కి గోళ్లతో చింపితే టేపు వేయండి. పై నాలుగైదు వేళ్ల మట్టిలో ఉన్న గడ్డలు బాగా దెబ్బతింటాయి. ఇంకా లోతున ఉన్నవి మిగులుతాయి, అది కూడా చెప్పాలి కదా. షీటు తీశాక నేలని మళ్లీ తిరగెయ్యకండి, కిందవి పైకొస్తాయి. వానలకి లేచిన నాలుగు మొక్కల్నీ అప్పటికప్పుడు బొరిగెతో తీసుకోండి.

ఇంతా చేశాక లాన్ మళ్లీ వేయాలనిపిస్తే, పైన రాజోలు ఆవిడకి చెప్పినట్టు ముందు తడిపి చూసుకోండి.

ప్రశ్న (యానాం నుంచి): మా లాన్‌లో కుళాయి దగ్గర, గోడ నీడలో పొట్టిగా తుంగలాంటిదే వస్తోంది. పైన తెల్లటి చిన్న గుండు పువ్వు ఉంది. తవ్వి చూస్తే గడ్డలు లేవు, పాకుడు వేరు మాత్రం ఉంది. ఇదీ తుంగేనా?

జవాబు: తుంగ చుట్టమే, తుంగ కాదు. కాడ దొర్లించి చూడండి, దీనికీ మూడు అంచులుంటాయి. ఇది నేల పైపైనే పాకుతుంది, కింద దాచుకున్న ఆస్తి ఏమీ లేదు కాబట్టి లొంగదీయడం తేలిక. ఎప్పుడూ చెమ్మ ఉండే చోటే వస్తుంది. ముందు ఆ కుళాయి వాషరు మార్పించండి. నీళ్లు నిలవకుండా చిన్న బోదె తీసి బయటికి పంపండి. తర్వాత చాప చుట్టినట్టు పై రెండంగుళాలు వేరుతో సహా చెక్కి తీసేసి, ఆ ఖాళీలో మంచి మట్టి వేసి గడ్డి ముక్క అతికించండి. పాకుడు వేరు ముక్కలు మిగిలితే అవి మళ్లీ పట్టుకుంటాయి, కాబట్టి చెక్కిన అంచు ఒక బెత్తెడు ఎక్కువే తీయండి.

ప్రశ్న (పాలకొల్లు నుంచి ఓ పెద్దావిడ): నాయనా, మా చిన్నప్పుడు సున్నిపిండిలో బావంచాలు, కచ్చూరాలతోపాటు తుంగగడ్డలు వేసి ఆడించేవారు. ఇప్పుడు మీరంతా దాన్ని చంపమంటున్నారు. మా మనవడు పెరట్లో తీసి పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఆ గడ్డలు వాడుకోవచ్చా? తుంగ చాపలు నేసేది కూడా దీనితోనేనా?

జవాబు: చాప తుంగ వేరండి బామ్మగారూ. అది నీళ్లలో మనిషి నడుమెత్తు పెరిగే జాతి, ఈ లాన్ తుంగ కాడతో చాప కాదు కదా చాప అంచు కూడా రాదు. గడ్డలు మాత్రం మీరన్నవే, ఆయుర్వేదంలో ముస్తలు అంటే ఇవే. నిక్షేపంగా వాడుకోండి. మనవడితో తీయించినవి కడిగి, పైనున్న నల్లటి పీచు ఎండాక రాళ్ల మీద రుద్దితే పోతుంది, మళ్లీ ఎండబెట్టి, రాయిలా గట్టిపడ్డాక పెసలతో కలిపి ఆడించుకోవచ్చు. మిల్లువాడు ఆ గట్టిదనం చూసి సణుగుతాడు, ముందే రోట్లో నలగ్గొట్టి తీసుకెళ్లండి.

రెండు జాగ్రత్తలు. ఎప్పుడైనా కలుపు మందు కొట్టిన పెరడు అయితే వద్దే వద్దు, కొట్లో కొనుక్కోండి. మురుగు కాలువ పక్కన తవ్వినవీ వద్దు. ఇంకోటి, కడిగిన నీళ్లు మొక్కలకి పోయకండి, చిట్టి గడ్డలు ఆ నీళ్లలోనే జారిపోతాయి. మా ఇంట్లో తులసికోటలో తుంగ మొలిచింది అలాగే.